చల్లని మెట్లు, వెచ్చని మెట్లు

ఈస్టర్ శనివారం కారు వేసుకుని వచ్చి అక్కను డబ్బో ఊళ్ళో తన ఇంటికి తీసుకుపోతానని ఈనిడ్ తమ్ముడు ఫోను చేసి చెప్పాడు. అతను చెడ్డవాడు కాదు. ఇంట్లో వెనక గది ఖాళీ చేయించి రంగు వేయించాడు, కొత్త మంచం కొన్నాడు. బావ పోయిన దగ్గర్నుంచి అక్క ఒంటరిగా గడప దాటలేదని విని, చూపులేని మనిషి సిడ్నీలాంటి నగరంలో ఒక్కతే ఎలా బతుకుతుందని అతని దిగులు. ఆ దిగులు న్యాయమైనదే. అందుకే నోలాకు అతని మీద కోపం తెచ్చుకోవడానికి కూడా వీల్లేకపోయింది.

ఈనిడ్ నోలాకు వదిన. పోయిన క్లెమ్ నోలాకు అన్న. క్లెమ్ పుట్టు అంధుడు, పియానోలు శ్రుతి చేసేవాడు. ఈనిడ్‌కు చిన్నతనంలో జబ్బు చేసి చూపు పోయింది. నోలాకు మాత్రం చూపుంది. అన్నతో కలిసి పెరిగిన అలవాటు వల్లనేమో, ఆమె అంధుల బడిలో టీచరయింది. ఆమె చెప్పే పాఠాలు పుస్తకాల్లో ఉండవు. తెల్లకర్రతో వీధి దాటడం, బస్సెక్కడం, స్టేషన్‌లో దారి పోల్చుకోవడం, దారి తప్పితే కంగారు పడకుండా మళ్ళీ దారిలో పడడం, ఇవీ ఆమె పాఠాలు. నగరంలో ఒంటరిగా తిరిగే అంధుల్లో చాలామంది ఆమె చేతుల మీదుగా వీధిలోకి వెళ్ళినవాళ్ళే.

ఈనిడ్ వారానికి రెండు రోజులు హార్బర్ వంతెన అవతల, నడివయసులో చూపు పోగొట్టుకున్నవాళ్ళకు బ్రెయిలీ నేర్పేది. ఆ తరగతి ఆమెకు ప్రాణం. ఇంటి నుంచి పార్కు దాటి, కారింగ్టన్ స్టేషన్‌లో భూమి కిందికి దిగి రైలెక్కాలి. క్లెమ్ ఉన్నన్నాళ్ళూ ఇద్దరూ కలిసి వెళ్ళేవాళ్ళు. కర్రతో క్లెమ్ ముందు, అతని మోచేయి పట్టుకుని అర అడుగు వెనక ఈనిడ్. క్లెమ్ పోయాక తరగతి ఆగిపోయింది. ఈస్టర్‌లోగా ఆ స్టేషన్ గుండా ఒంటరిగా వెళ్ళి రాగలిగితే ఈనిడ్‌కు తరగతి ఉంటుంది, ఇల్లుంటుంది. లేకపోతే డబ్బోలో వెనక గది ఉంటుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

నోలా మొదటి రోజు ఒక అట్ట పట్టుకుని వదిన వంటింట్లోకి వచ్చింది. అట్ట మీద దారాలు అతికించి స్టేషన్ పటం తయారు చేసింది. గోడలకు లావు పురికొస, మెట్లకు సన్న దారం, ప్లాట్‌ఫాం అంచుకు గరుకు కాగితం.

ఈనిడ్ వేళ్ళతో తడిమింది. "ఏంటిది, స్పాగెట్టీనా?"

"కారింగ్టన్."

"జిగురు ఆరలేదు. నీ కారింగ్టన్ నా వేలికి అంటుకుంది. ముందు టీ పెట్టనివ్వు."

టీ తాగుతూ నోలా పాఠం మొదలుపెట్టింది. ఒక చోటు అలా ఎందుకు కట్టారో తెలిస్తే, ఆ చోటును మనిషి మరిచిపోడని ఆమె నమ్మకం. అందుకని ఎప్పుడూ కట్టడం కథతోనే మొదలుపెట్టేది. కారింగ్టన్‌ను పనులు దొరకని రోజుల్లో కట్టారు. పార్కును నిలువునా కోసి, కింద ఇసుకరాయిని తవ్వి, పెట్టెలా స్టేషన్ కట్టి, మీద మళ్ళీ మట్టి కప్పి గడ్డి పరిచారు. గాలి గొట్టాలు కనబడకుండా వాటి చుట్టూ రాతి మంటపాలు కట్టారు. ఇప్పటికీ జనం వాటి నీడలో కూర్చుని శాండ్విచ్‌లు తింటారు. రెండు రైలుదారులు వస్తాయని రెండు ప్లాట్‌ఫాంలు కట్టారు. హాలు నడుమ నుంచి ఎడమకొకటి, కుడికొకటి, అచ్చు ఒకేలాంటి మెట్లు పెట్టారు. అవే పింగాణీ పలకలు, అదే ఆకుపచ్చ పట్టీ, అవే ఇత్తడి కమ్మీలు. తీరా రెండో దారికి డబ్బు చాలలేదు. కుడి మెట్ల కింద రైళ్ళు తిరిగాయి. ఎడమ మెట్ల కింద సొరంగం కొంతదూరం పోయి, రాయికి తగిలి ఆగిపోయింది. యుద్ధకాలంలో బాంబులకు భయపడి జనం అందులో దాక్కున్నారట. తర్వాత దాన్ని పట్టించుకున్నవాళ్ళు లేరు.

"ఎడమది చల్లని మెట్లు, కుడిది వెచ్చని మెట్లు," అంది ఈనిడ్. "నాకు ఇదంతా ఎందుకు చెబుతావు? తెలిసిందే కదా."

తెలిసిందే. నగరంలోని అంధులందరికీ తెలిసిందే. ఆగిపోయిన సొరంగంలో రాతి గుండా నీళ్ళూరేవి. అక్కడి నుంచి ఎడమ మెట్ల మీదుగా తడి మట్టివాసనతో చలిగాలి పైకి వచ్చేది. కుడి మెట్ల మీదుగా రైళ్ళ వేడి, ఇనుము వాసన వచ్చేవి. ఎడమ చెంపకు చలి తగిలితే చాలు, కుడికి తిరిగేవాళ్ళు. మిగిలినదంతా ప్రతిధ్వని చూసుకునేది. కమాను పైకప్పు నిండా పింగాణీ పలకలు కావడంతో కర్ర చప్పుడు గోడకు తగిలి తిరిగొచ్చి, గోడ ఎంత దూరమో చెప్పేది. కట్టినవాళ్ళు అంధుల కోసం చేసిన ఏర్పాటు కాదది. డబ్బు చాలక ఒకటి, సున్నం వెల్ల ఖర్చు తప్పుతుందని ఒకటి, అలా జరిగిపోయాయి.

రెండు శీతాకాలాల కిందట ఆ రెండూ పోయాయి. స్టేషన్‌లో రొద ఎక్కువగా ఉందని కమాను నిండా చప్పుడును మింగేసే మెత్తని పలకలు బిగించారు. తేమ పైకి వస్తోందని ఎడమ సొరంగం మూతికి అడ్డంగా ఇటుక గోడ కట్టారు. పాత అందం చెడకూడదని ఎడమ మెట్లను మాత్రం అలాగే ఉంచారు. ఆ వారం నోలా విద్యార్థులంతా కారింగ్టన్‌లో దారి తప్పారు. ఏళ్ళ తరబడి రోజూ వచ్చేవాళ్ళు హాలు నడుమ నిలబడి, ఇది ఏ ఊరు అన్నట్టు తలలు తిప్పారు. అందరికీ మళ్ళీ మొదటి నుంచి నేర్పాల్సి వచ్చింది.

ఒక్క క్లెమ్‌కు తప్ప. ఆ రోజు నోలా గేటు పక్కన నిలబడి ఉండగా అన్నా వదినలు వచ్చారు. క్లెమ్ ఆగలేదు, తల తిప్పలేదు, నడక తగ్గించలేదు. తిన్నగా వెళ్ళి కుడి మెట్లు దిగాడు. సాయంత్రం ఇంటికెళ్ళి పక్కన కూర్చుని అడిగితే, "ఏం మారిందని? ఎప్పటిలాగే ఉందిగా," అన్నాడు. చర్చిలో అతని అంత్యక్రియలప్పుడు నోలా ఆ సంగతే చెప్పింది. మా అన్న ఆ స్టేషన్‌ను చెవులతో చూసేవాడు, దాని గొంతు నొక్కేసినా అతనికి వినిపించింది, వదినను మోచేతి మీద భద్రంగా దాటించాడు అని చెప్పింది. నోలా మాటలు పొదుపుగా వాడే మనిషి కావడంతో, ఆ నాలుగు మాటలూ అందరికీ గుర్తుండిపోయాయి.

"నాకు కారింగ్టన్ కథ తెలుసు," అంది ఈనిడ్ కప్పు కింద పెట్టి. "కారింగ్టన్ తెలియదు. అది క్లెమ్‌కు తెలుసు. నేను ఆయన మోచేతికి తగిలించిన సంచీని. చర్చిలో నువ్వే చెప్పావుగా."

"సంచీ అని నేను అనలేదు."

"అనలేదులే. నీ మాటలు ఎప్పుడూ ఇస్త్రీ చేసి ఉంటాయి."

మర్నాడు ఇద్దరూ స్టేషన్‌కు వెళ్ళారు. గేటు దగ్గర టిక్కెట్లు చూసే స్టావ్ ఉన్నాడు. గ్రీసు నుంచి చిన్నప్పుడే వచ్చి, ఆ గేటు దగ్గరే జుట్టు నెరిసిన మనిషి.

"రండి రండి, మిసెస్ ట్రాంటర్. మీరు రాక గేటు తుప్పు పట్టిపోయింది."

"నీ జోకులకు పట్టినంత కాదులే, స్టావ్," అంది ఈనిడ్.

"అమ్మయ్య, నోరు బాగానే ఉంది," అన్నాడు స్టావ్ నోలాతో. తర్వాత గొంతు తగ్గించాడు. "ఆయన లేకుండా ఈవిడను చూడడం కష్టంగా ఉంది. ఎంత దర్జాగా నడిచేవాడు. ఈ స్టేషన్ తనదే అన్నట్టు."

ఈనిడ్ ఆ మాట విన్నది. ఆమె ముఖం ముడుచుకుపోవడం నోలా చూసింది.

పాఠం సాగలేదు. నోలా నియమం ప్రకారం కొంచెం వెనక నడిచింది. ఈనిడ్ కర్ర ఆడిస్తూ హాలు నడుమ దాకా వచ్చి, తిన్నగా ఎడమ మెట్ల వైపు తిరిగింది. చివరి మెట్టు దాకా దిగి, ఇటుక గోడకు కర్ర తగిలాక, "చూశావా," అంది. రెండోసారీ అదే. మూడోసారి టిక్కెట్ల కిటికీ దాకా వెళ్ళి అక్కడ నిలబడిపోయింది.

తిరిగి వస్తున్నప్పుడు నోలా మనసులో ఏదో గుచ్చుకుంటూ ఉంది. తప్పు చేయబోయే మనిషి ముందు తటపటాయిస్తాడు. పాదం ఒక క్షణం గాలిలో ఆగుతుంది, కర్ర రెండుసార్లు అదే చోట తట్టుతుంది. అన్నేళ్ళ అనుభవంలో నోలా అది వేలసార్లు చూసింది. ఈనిడ్ తటపటాయించలేదు. తప్పు దారిలోకి సరైన దారిలోకి వెళ్ళినంత ధీమాగా వెళ్ళింది.

మళ్ళీ వెళ్ళిన రోజున కూడా అలాగే జరిగాక, నోలా సంచీలోంచి నల్లగుడ్డ తీసింది.

"ఈసారి నేను క్లెమ్‌ను. కళ్ళకు గంతలు కట్టుకుంటాను. నువ్వు మోచేయి పట్టుకో. ఆయనతో నడిచినట్టే నడు. నీ ఒంటికి దారి గుర్తుందేమో చూద్దాం."

"ఇదేం ఆట? నువ్వు గోడకు గుద్దుకుంటే నాకు కనబడదు, నీకూ కనబడదు."

"మా శిక్షణంతా ఇలాగే అయింది. గంతలు కట్టుకుని వారాల తరబడి తిరిగాం."

"అప్పుడు నీ వయసెంత?"

"గుద్దుకుంటే స్టావ్ ఉన్నాడు."

"అందుకే భయం," అంది ఈనిడ్. కానీ మోచేయి పట్టుకుంది.

గంతలు కట్టుకున్నాక హాలు ఒక్కసారిగా దూదిలో చుట్టినట్టయింది. నోలా కర్ర తట్టింది. చప్పుడు పోయింది, తిరిగి రాలేదు. గేటు చప్పుళ్ళు ఎటు నుంచి వస్తున్నాయో తెలియలేదు. ఈ హాలును ఇంతమందికి నేర్పిన మనిషిని తనే గానీ, మెత్తని పలకలు బిగించాక గంతలు కట్టుకుని ఇందులో ఎప్పుడూ నడవలేదని ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. అడుగు వేసింది. ఇంకో అడుగు. ఎవరో పక్కనుంచి పరుగెత్తారు. ఆమె ఎడమకు ఒరిగింది.

మోచేతి మీద ఈనిడ్ బొటనవేలు కొంచెం బిగిసింది.

చాలా కొంచెం. నోలా ఆలోచించకుండానే కుడికి సర్దుకుంది. వేలు సడలింది. కొన్ని అడుగులయ్యాక నాలుగు వేళ్ళూ కలిసి మెత్తగా వెనక్కి లాగాయి, నోలా ఆగింది. ఎదురుగా చక్రాల పెట్టె ఒకటి గడగడమంటూ దాటిపోయింది. వేళ్ళు వదిలాయి, నోలా నడిచింది. మళ్ళీ బొటనవేలు. ఈసారి ఎక్కువసేపు. నోలా కుడికి తిరిగింది. కర్ర మొదటి మెట్టు అంచును తాకింది. చేయి చాపితే ఇత్తడి కమ్మీ సరిగ్గా అక్కడే ఉంది. కింద నుంచి వేడిగాలి ముఖానికి కొట్టింది.

మెట్లు దిగి, ప్లాట్‌ఫాం మీద బెంచీ కాలికి తగిలేదాకా వేళ్ళు ఆమెను నడిపించాయి. అంతసేపూ ఈనిడ్ డబ్బోలో తమ్ముడి భార్య చేసే గుమ్మడికాయ స్కోన్లు, ఆ చిన్న గుండ్రటి రొట్టెలు, ఎంత గట్టిగా ఉంటాయో చెబుతూనే ఉంది. తన చేయి ఏం చేస్తోందో ఆమె గమనించలేదు. అది చేయి తనంతట తాను చేస్తున్న పని.

నోలా బెంచీ మీద కూర్చుని గంతలు విప్పింది. కొంతసేపు ఎదుటి గోడ మీద ఆకుపచ్చ పట్టీని చూస్తూ ఉండిపోయింది.

మెత్తని పలకలు బిగించిన మర్నాడు దారిలో తేడా తెలియనివాడు గొప్ప నేర్పరి అయినా అయ్యుండాలి, లేదా అంతకు ముందు నుంచే ఆ చప్పుడు వినపడనివాడైనా అయ్యుండాలి. చర్చిలో అందరి ముందూ ఆమె మొదటిది చెప్పింది. రెండోది ఆమెకు తట్టనేలేదు.

"ఈనిడ్," అంది చివరికి. "క్లెమ్‌కు ఎప్పటి నుంచి వినబడడం లేదు?"

ఈనిడ్ స్కోన్ల మాట మధ్యలో ఆగిపోయింది. చేయి ఇంకా నోలా మోచేతి మీదే ఉంది. కాలుతున్న గిన్నె మీద నుంచి తీసినట్టు తీసేసింది.

"నా చేయి తగలబడ," అంది నెమ్మదిగా.

రైలొకటి వచ్చి వెళ్ళింది. ఇద్దరూ అది వెళ్ళేదాకా ఆగారు.

"పై స్వరాలు ముందు పోయాయి. ఈ పలకలు బిగించడానికి మూడు నాలుగేళ్ళ ముందే," అంది ఈనిడ్. "పియానో చెక్కకు నుదురు ఆనించి, ఆ అదురును బట్టి శ్రుతి చేసేవాడు. అదేదో కొత్త పద్ధతి అనుకున్నారు జనం. కొందరు పిలవడం మానేశారు. మానేసినవాళ్ళు మంచివాళ్ళు, కారణం చెప్పలేదు."

"తనకు తెలుసా?"

"ఎవరి చెవులు వాళ్ళకు తెలియవా?"

"నువ్వు నడిపిస్తున్నావని?"

ఈనిడ్ ఆలోచించింది. "నేను అడగలేదు. వేలెందుకు నొక్కుతున్నావని ఆయనా అడగలేదు. ఒకసారి మాత్రం, ఇంటికెళ్ళాక, నా చేయి తీసుకుని బొటనవేలు సవరదీశాడు. నొప్పి పుడుతోందా అన్నాడు. లేదన్నాను. అంతే."

నోలాకు అప్పుడు గుర్తొచ్చింది స్టేషన్ కాదు. చివరి ఏళ్ళలో ఆమె ఫోను చేస్తే క్లెమ్ రెండు మాటలు మాట్లాడి, ఇదుగో ఈనిడ్‌తో మాట్లాడు అని ఫోను ఇచ్చేసేవాడు. అన్నకు తన మీద ఏదో మనస్తాపం కలిగిందనుకుంది ఆమె. ఏం అన్నానా అని పాత మాటలన్నీ తవ్వుకుంది. తానూ బింకం పట్టి ఫోన్లు తగ్గించింది. అతను పోయాక ఆమెను తినేస్తున్నది ఆ ఫోన్లే. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు.

"ఫోనులో," అంది. వాక్యం పూర్తి చేయలేదు.

"నీది సన్న గొంతు. అది అందరికంటే ముందు పోయింది," అంది ఈనిడ్. "నువ్వు ఫోను పెట్టేశాక, ఏమంది, ఏమంది అని నా వెంట పడేవాడు. నువ్వు చెప్పిందంతా నేను అరిచి చెప్పాలి. బడి సంగతులు, నీ పిల్లి సంగతులు. పక్కింటివాళ్ళకు నీ పిల్లి జాతకం మొత్తం తెలుసు."

నోలా నవ్వబోయింది. నవ్వు రాలేదు. ముఖం పక్కకు తిప్పుకుంది, వదినకు కనబడదని తెలిసీ.

"ముక్కు చీదుకో," అంది ఈనిడ్. "ఇక్కడ రుమాళ్ళ మీద నిషేధమేం లేదు."

కొంతసేపటికి నోలా మళ్ళీ టీచరయింది. "ఎడమ చలి పోయాక మెట్లు ఎలా పోల్చుకున్నావు? చప్పుడు కూడా లేదు కదా."

"గచ్చు. ఇన్నేళ్ళుగా జనమంతా కుడి మెట్లకే నడిచారు కదా. మొజాయిక్ అరిగి, అటు వైపు చిన్న పల్లంలా ఉంటుంది. ఎడమ వైపు ఎవరు నడిచారు? అది పెళ్ళికూతురిలా నలగకుండా, చదునుగా ఉంది. పల్చటి చెప్పులు వేసుకుంటే పాదమే చెబుతుంది. నీ పురికొస పటంలో అది లేదులే."

"మరి ఆ రెండు రోజులూ నన్ను ఇటుక గోడ దగ్గరకు ఎందుకు తీసుకెళ్ళావు?"

ఈనిడ్ కర్రను ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని, దాని పిడి మీద తోలును వేలితో రాస్తూ కూర్చుంది.

"ఆ స్టావ్ ఏమన్నాడో విన్నావుగా. దర్జాగా నడిచేవాడు అన్నాడు. నువ్వు చర్చిలో ఏమన్నావు? ఆయన నన్ను దాటించాడన్నావు. జనమంతా నా దగ్గరకు వచ్చి, ఎంత అదృష్టవంతురాలివి అన్నారు. ఇప్పుడు నేను ఒక్కదాన్నే టకటకా నడిచిపోతే ఏమవుతుంది? మరి అన్నాళ్ళూ ఎవరు ఎవర్ని నడిపించారు అని స్టావ్ అనుకోడా? చెవిటివాడు పియానోలు శ్రుతి చేశాడని తెలిస్తే జనం నవ్వుతారు. నవ్వకపోయినా జాలి పడతారు. ఆయనకు రెండోదే అసహ్యం."

"అందుకని డబ్బో వెళ్ళిపోతావా? తరగతి వదిలేసి?"

"వెళ్తాను. స్కోన్లు నానబెట్టుకుని తింటాను."

"ఈనిడ్."

"ఆయనకు మిగిలింది ఆ నడక ఒక్కటే, నోలా. అది నేను తీసేసుకోను."

నోలా చర్చిలో చెప్పిన అబద్ధం, అబద్ధమని తెలియకుండా చెప్పినదే అయినా, ఇప్పుడు వదిన దారికి అడ్డంగా నిలబడి ఉంది. దాన్ని తీసేస్తే అన్న పరువు పోతుంది. ఉంచితే వదిన పోతుంది. తరగతి గదిలో అయితే తప్పును తప్పని చెప్పడం ఆమెకు ఎప్పుడూ కష్టం కాలేదు.

"నువ్వు పెళ్ళయి డబ్బో నుంచి వచ్చినప్పుడు నీకు రైలెక్కడం తెలుసా?" అని అడిగింది.

"గుర్రం ఎక్కడం తెలుసు. రైలు చప్పుడుకు ఆయన కోటులో తల దూర్చేదాన్ని."

"చల్లని మెట్లు, వెచ్చని మెట్లు అని నీకు చెప్పిందెవరు?"

"ఇంకెవరు? ఆయనే." ఈనిడ్ గొంతు కొంచెం మారింది. "ఒక ఆదివారం ఖాళీగా ఉంటుందని తీసుకొచ్చాడు. చల్లని మెట్ల మీద నన్ను నిలబెట్టి, ముఖం ఎత్తు, వాసన చూడు అన్నాడు. వెచ్చని మెట్ల మీద నిలబెట్టాడు. కమాను కింద చప్పట్లు కొట్టించాడు. మధ్యాహ్నమంతా అదే పని. తర్వాత పార్కులో మాంసం కూరిన పై రొట్టె కొనిపెట్టాడు."

"మరి ఈ స్టేషన్ నీకు నేర్పింది క్లెమ్. నేను కాదు, గచ్చు కాదు. నువ్వు ఒంటరిగా నడిస్తే జనానికి తెలిసేది అదే. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు."

"సగం మాట అది."

"సగమే. మిగతా సగం మనిద్దరిదీ."

ఈనిడ్ లేచి నిలబడింది. "మీ టీచర్లకు ప్రతిదానికీ ఓ జవాబుంటుంది. అదే మీతో వచ్చిన చిక్కు," అంది. ఇంటికి వెళ్ళేదాకా మళ్ళీ నోరు విప్పలేదు. పార్కులో కొంగలు చెత్తడబ్బా చుట్టూ కీచులాడుకుంటుంటే కర్రతో వాటిని అదిలించింది, అంతే.

మూడు రోజులు ఫోను రాలేదు. నోలా చేయలేదు. ఒత్తిడి పెడితే విద్యార్థి నడుస్తాడు గానీ, మర్నాడు ఇంట్లోనే ఉండిపోతాడని ఆమెకు తెలుసు. ఆదివారం సాయంత్రం ఫోను మోగింది.

"మంగళవారం తరగతి ఉందని వాళ్ళకు చెప్పాను," అంది ఈనిడ్. "నువ్వు రా. ఆ స్పాగెట్టీ మాత్రం తేవద్దు."

"మీ తమ్ముడికి చెప్పావా?"

"చెప్పాను. ఏడ్చాడు పాపం. మంచం కొన్నాడుగా. శీతాకాలంలో వచ్చి ఒక వారం దాని మీద పడుకుంటానని మాటిచ్చాను."

మంగళవారం పొద్దున గేటు దగ్గర జనం బాగానే ఉన్నారు. ఈనిడ్ పల్చటి చెప్పులు వేసుకుంది, క్లెమ్ వాడిన బూడిదరంగు టోపీ పెట్టుకుంది. టోపీ ఆమెకు పెద్దదయింది.

"ఇక్కడి నుంచి నువ్వు రావద్దు," అంది ఈనిడ్.

"రాను."

"వెనక నక్కి నక్కి రావద్దు. మీ టీచర్లు వస్తారు. నాకు తెలుసు."

"రానన్నానుగా."

ఈనిడ్ గేటు దాటింది. కర్ర ఆడుతూ ఉంది గానీ ఆమె దాన్ని నమ్ముకోలేదని నోలాకు ఇప్పుడు తెలుస్తోంది. పాదాలు నేలను వెతుక్కుంటున్నాయి. హాలు నడుమ ఒక్క క్షణం ఆగింది. ఎవరో కుర్రది సాయం చేయబోతే ఈనిడ్ తల అడ్డంగా ఊపి, ఏదో అని నవ్వించింది. తర్వాత కుడికి తిరిగింది. చేయి చాపగానే కమ్మీ దొరికింది. బూడిదరంగు టోపీ మెట్టు మెట్టుగా కిందికి దిగి కనబడకుండా పోయింది.

స్టావ్ టిక్కెట్లు చూడడం మానేసి అటే చూస్తున్నాడు.

"చూశారా," అన్నాడు. "ఒక్క తప్పటడుగు లేదు. మొన్నటి దాకా ఎటుపోవాలో తెలియని మనిషి. ఎవరు నేర్పారు, మీరేనా?"

"నేను కాదు," అంది నోలా. "క్లెమ్."

స్టావ్ తల పంకించాడు. ఏదో గుర్తుచేసుకుంటున్నట్టు కాసేపు గేటు మీద వేళ్ళతో తాళం వేశాడు. అతనికి కళ్ళున్నాయి, అన్నేళ్ళు ఆ ఇద్దర్నీ రోజూ చూశాడు. ఏం చూశాడో నోలా అడగలేదు.

"మంచి జంట," అన్నాడు చివరికి. ఒక పర్యాటకుడి టిక్కెట్టు అందుకున్నాడు.

కింద రైలు వచ్చిన వేడిగాలి హాలులోకి ఎగదన్నింది. నోలా మాట తప్పింది. మెట్ల తల దాకా వెళ్ళి, వంగి చూసింది. ఈనిడ్ రెండో పెట్టెలో, తలుపు పక్క సీటులో అప్పటికే కూర్చుని ఉంది. ఒళ్ళో సంచీ సర్దుకుంటోంది. తలుపులు మూసుకున్నాయి.

విద్యార్థికి చేయి ఊపడమనే అలవాటు నోలాకు ఉద్యోగంలో చేరిన నాడే పోయింది. చూడలేని మనిషికి ఊపి లాభమేమిటి. ఆ రోజు ఆమె చేయి దానంతటది లేచింది. రైలు కదిలింది. ఈనిడ్ వెనక కిటికీలో గళ్ళ చొక్కా వేసుకున్న ముసలాయన ఒకడు, ఎవరికి ఊపుతోందా అని అటూ ఇటూ చూసి, తనకేనని నిర్ధారించుకుని, పేపరు పక్కన పెట్టి ఎంతో మర్యాదగా తిరిగి చేయి ఊపాడు. రైలు సొరంగంలోకి వెళ్ళేదాకా ఊపుతూనే ఉన్నాడు. నోలా కూడా ఆపలేదు.